స్టెప్నీ బరువు ఎవరు మోయాలి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ప్రతి ఏడాదీ అడుగుతూనే ఉన్నారు. మాకు కథలు రావు. కవితలు అసలే రావు. ఈ హాస్టల్లో పదో తరగతి వరకు చదివి, ఐటీఐలో ఒకరు ఫిట్టరు, ఒకరు వెల్డరు, ఒకరు మోటారు మెకానిక్ ట్రేడు చేసి, ఇప్పుడు నర్సీపట్నంలో చిన్న షెడ్డు నడుపుకుంటున్న ముగ్గురం మేము. మాకు తెలిసిన పని గురించి రాస్తే తమ్ముళ్లకు ఉపయోగపడుతుందని వార్డెన్ గారు అన్నారు. అందుకే కొండ దారుల్లో తిరిగే జీపుకు వెనక స్టెప్నీ స్టాండు బిగించడం గురించి రాస్తున్నాం. ఇందులో మేము చేసిన తప్పు కూడా ఉంది. దాన్ని దాచడం లేదు.

స్టెప్నీ అనే మాట

పంక్చరు పడితే మార్చుకోవడానికి వెంట ఉంచుకునే అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. ఇది ఒక వీధి పేరు అంటే నమ్ముతారా? బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెత్లి అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. మొదట్లో మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరు పడితే రోడ్డు మీదే కూర్చుని టైరు విప్పి అతుకు వేసుకోవాల్సిందే. 1904లో ఆ ఊరివాడైన థామస్ మోరిస్ డేవిస్ ఆకులు లేని ఒక రిమ్ముకు టైరు ఎక్కించి, దాన్ని గాలి పోయిన చక్రం పక్కన బిగించుకునేలా తయారు చేశాడు. ఆ సరుకుకు వీధి పేరే పెట్టారు. ఇంగ్లండులో ఆ మాట దాదాపు పోయింది గానీ మన దేశంలో మాత్రం ఇప్పటికీ ప్రతి డ్రైవరు నోటా ఉంది.

ఆ చక్రాన్ని ఎక్కడ తగిలించాలన్నది జీపు పుట్టినప్పటి నుంచీ ఉన్న సమస్యే. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపుకు స్టెప్నీ వెనక ఉండేది. 1945లో అదే జీపును రైతుల కోసం మార్చినప్పుడు సామాను ఎక్కించడానికి వెనక గేటు పెట్టారు. గేటుకు అడ్డం రాకుండా స్టెప్నీని పక్కకు జరిపారు. మన దేశంలో మహీంద్ర వారు 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి కూర్చడం మొదలుపెట్టారు. మన ఏజెన్సీ కొండల్లో తిరిగే పాత జీపులన్నీ ఆ వంశంవే.

2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించింది. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, టైరు బాగుచేసుకునే కిట్టు ఉన్న చిన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. పట్నంలో అది చెల్లుతుంది. లంబసింగి ఘాట్‌లో రాత్రిపూట రాయి తగిలి టైరు పక్క చీలితే ఏ కిట్టూ పనికిరాదు. అక్కడ స్టెప్నీయే దిక్కు.

మేము చేసిన తప్పు

నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు సంతలకు జీపు తిప్పే ఒకాయన ఉన్నారు. మేము బాబాయ్ అని పిలుస్తాం. సంత రోజుల్లో సరుకు, మిగతా రోజుల్లో మనుషులు, అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే ఆసుపత్రికి ఆ జీపే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత మహీంద్ర జీపు అది. సన్న టైర్లు తీసేసి 235/75 ఆర్15 కొలత టైర్లు వేయించారు. కొత్త స్టెప్నీ పాత స్టాండులో పట్టలేదు. జీపు లోపల పడేస్తే ఇద్దరు మనుషుల చోటు పోతోంది. వెనక తగిలించి పెట్టమని మా దగ్గరకు తెచ్చారు.

అప్పటికి మేము ఐటీఐ నుంచి బయటికొచ్చి ఏడాది కాలేదు. ఒక్క పూటలో పని ముగించాం. వెనక గేటు రేకుకు మూడు రంధ్రాలు వేసి, ఒక ఇనుప పలక పెట్టి, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు బిగించి, దానికి చక్రం తగిలించాం. నల్ల రంగు కొట్టాం. చూడటానికి బాగుంది. బాబాయ్ మెచ్చుకున్నారు. ఫొటో కూడా తీయించుకున్నాం.

మూడో వారం ఘాట్ దిగుతుంటే గేటు రేకు చిరిగిపోయింది. చక్రం పలకతో సహా ఊడి రోడ్డు మీద పడి దొర్లింది. వెనకే మోటారు సైకిల్ మీద ఒక కుర్రాడు వస్తున్నాడు. బండిని పక్కకు తిప్పి కాలువలో పడ్డాడు. మోకాలు గీసుకుంది. అంతకు మించి ఏమీ కాలేదు. బాబాయ్ చిరిగిన గేటు తెచ్చి షెడ్డు ముందు దింపారు. తిట్టలేదు. "ఏటర్రా అబ్బాయిలూ, ఆ చక్రం ఆడి మీద పడుంటే ఆళ్లమ్మకి ఏటి చెప్పుకుందుం?" అన్నారు. అంతే.

ఆ మాటకు ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. ఆ రోజే మా పెద్ద మేస్త్రి గారి దగ్గరకు వెళ్లి తల దించుకుని నిలబడ్డాం. ఆయన చిరిగిన రేకును చేత్తో తడిమి చూసి, "బోల్టు తప్పు కాదు, వెల్డింగు తప్పు కాదు. బరువు ఎక్కడికి పోతుందో మీరు అడగలేదు" అన్నారు.

బరువు ఎక్కడికి పోతుంది?

మనం హైస్కూల్లో చదువుకున్న బలభ్రామకం ఇక్కడే పనికొస్తుంది. బలాన్ని, అది పనిచేసే దూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుంది. నీళ్ల బిందెను ఒంటికి ఆనించి మోస్తే తేలిక. చెయ్యి చాపి పట్టుకుంటే నిమిషం కూడా మోయలేం. బిందె అదే, దూరం మారింది.

రిమ్ముతో కలిపి మా చక్రం 26 కిలోలు తూగింది. దాని మధ్యభాగం గేటు రేకుకు 20 సెంటీమీటర్లు వెనక ఉంది. 26ని 9.8తో, దాన్ని 0.2తో గుణిస్తే సుమారు 51 న్యూటన్ మీటర్లు. ఆగి ఉన్న జీపుకు ఇది లెక్క. గుంతలో పడి లేచినప్పుడు అది రెండు మూడింతలు అవుతుంది. పలచని రేకు ఆ దెబ్బకు ఒక్కసారిగా తెగదు. కొద్దిగా వంగి మళ్లీ నిలబడుతుంది. కట్టు తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపటికి పుటుక్కున తెగుతుంది కదా! రేకు కూడా అంతే. ప్రతి గుంతకూ ఒక వంపు. మూడు వారాలకు దాని ఓపిక అయిపోయింది.

గేటు తెరవడానికి, మూయడానికి పుట్టింది. మోయడానికి పుట్టింది ఛాసిస్. కాబట్టి స్టెప్నీ బరువు రేకు మీదుగా కాకుండా నేరుగా ఛాసిస్‌కు చేరాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా పనంతా దాని వెంటే వస్తుంది.

తలుపులా తెరుచుకునే స్టాండు

రెండోసారి మేము చేసింది ఊగు చెయ్యి స్టాండు. ఛాసిస్ వెనక చివర అడ్డంగా ఉండే క్రాస్ మెంబరుకు గట్టి బంపరు ఒకటి బిగించాలి. బంపరుకు ఒక కొసన నిలువుగా ఇరుసు. ఆ ఇరుసు మీద తలుపులా తిరిగే ఒక చెయ్యి. చెయ్యి మధ్యలో చక్రం. రెండో కొసన తాళం. సామాను తీయాలంటే ముందు చెయ్యి తిప్పాలి, తరువాత గేటు తెరవాలి. ఇప్పుడు గేటు మీద ఒక్క గ్రాము బరువు కూడా లేదు.

చెయ్యికి మేము 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం వాడాం. దాని మందం 3 మిల్లీమీటర్లు. ఎల్ ఆకారం యాంగిల్ అయితే చవక. కానీ చక్రం చెయ్యికి వెనకగా వేలాడుతుంది కాబట్టి చెయ్యిని మెలిపెట్టి తిప్పాలని చూస్తుంది. యాంగిల్ మెలికకు లొంగిపోతుంది. నాలుగు వైపులా మూసిన గొట్టం లొంగదు. నిలువుగా చీల్చిన వెదురు బద్దనూ, చీల్చని వెదురు బొంగునూ చేత్తో మెలిపెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇరుసుకు ఉత్త బుష్షు వేయవద్దు. స్క్రాపు షాపులో చిన్న ట్రైలరు హబ్బు దొరికితే తెచ్చుకోవాలి. అందులో పైన ఒకటి, కింద ఒకటి టేపర్ బేరింగులు ఉంటాయి. గ్రీజు పెట్టి బిగిస్తే ఏళ్ల తరబడి ఆట రాదు. ఉత్త బుష్షు అరిగిన కొద్దీ చెయ్యి కొస కిందికి వాలుతుంది. ఆ తరువాత తాళం పడదు.

అసలు కీలకం తాళం వైపు ఉంది. ఇరుసు నుంచి తాళం వరకు మా చెయ్యి పొడవు 110 సెంటీమీటర్లు. చక్రం సరిగ్గా మధ్యలో, అంటే 55 సెంటీమీటర్ల దగ్గర ఉంది. చెయ్యి తెరిచి ఉన్నప్పుడు చక్రం బరువంతా ఇరుసే మోస్తుంది. 26ని 9.8తో, 0.55తో గుణిస్తే 140 న్యూటన్ మీటర్లు. ఇంత భారం గుంతల్లో కూడా ఇరుసు మీదే ఉంటే ఏ బేరింగూ నిలవదు. అందుకే బంపరు మీద తాళం దగ్గర ఒక వాలు దిమ్మ పెట్టాలి. చెయ్యి మూసేటప్పుడు దాని కొస ఆ దిమ్మ మీదికి కాస్త ఎక్కి కూర్చోవాలి. అప్పుడు చెయ్యి రెండు వైపులా ఆనిన దూలం అవుతుంది. చక్రం బరువు ఇరుసుకు 13 కిలోలు, దిమ్మకు 13 కిలోలు పంచుకుపోతుంది. తాళం చెయ్యిని పట్టి ఉంచడానికి మాత్రమే. మోయడానికి దిమ్మ ఉంది. తాళం తెగినా చెయ్యి విసురుగా తెరుచుకోకుండా అడ్డంగా ఒక పిన్ను కూడా పెట్టాలి. తెరిచిన చెయ్యి వాలు దారిలో తిరిగి వచ్చి మనిషి వీపుకు తగలకుండా మరో పిన్ను ఉండాలి. సరుకు దింపేవాళ్లలో పిల్లలు కూడా ఉంటారు.

బోల్టుల సంగతి

బంపరును క్రాస్ మెంబరుకు 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగింటితో బిగించాం. ఛాసిస్ ఇనుముకు అవతలి వైపు 6 మిల్లీమీటర్ల పలక పెట్టాం. దీనివల్ల బరువు నాలుగు రంధ్రాల అంచుల మీదే పడకుండా పలకంతా పరుచుకుంటుంది. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు వరకు అది తెగదని. చుక్క తరువాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 న్యూటన్ల వరకు సాగి పాడవదని. అచ్చు లేని బోల్టు చవక అని తెచ్చుకోవద్దు. దాని బలం ఎంతో అమ్మేవాడికీ తెలియదు.

ఈ బోల్టును సుమారు 80 న్యూటన్ మీటర్లకు బిగించాలి. టార్క్ రెంచీ అందరి దగ్గరా ఉండదు. 40 సెంటీమీటర్ల పిడి ఉన్న స్పానరు చివర 20 కిలోల బలం పెడితే 78 న్యూటన్ మీటర్లు వస్తుంది. 20 కిలోల బలం ఎంతో చేతికి తెలియాలంటే స్ప్రింగు కాటా కొక్కేన్ని స్పానరు చివర తగిలించి ఒకసారి లాగి చూడండి. మేము అలాగే నేర్చుకున్నాం. ఎక్కువ బిగిస్తే ఎక్కువ గట్టి అనుకోవడం పొరపాటు. బోల్టు సాగిపోతే పట్టు పోతుంది. నట్లు లోపల నైలాను రింగు ఉన్నవి వేయాలి. కుదుపులకు అవి త్వరగా వదులు కావు.

చక్రాన్ని చెయ్యికి తగిలించే పలకకు స్టడ్‌లు సరైన కొలతలో పెట్టాలి. పాత జీపు చక్రానికి ఐదు రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్యల గుండా వృత్తం గీస్తే వ్యాసం అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. చక్రం నట్లకు ఒక వైపు వాలు ఉంటుంది. ఆ వాలు చక్రం వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే నాలుగు రోజుల్లో వదులవుతాయి.

వెల్డింగు చేసే ముందు

ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి. ఇలాంటి పాత జీపుల్లో డీజిల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. జీపు మీద వెల్డింగు చేయవద్దు. కొలతలు తీసుకుని, చెయ్యి, బంపరు అన్నీ కింద బల్ల మీద వెల్డింగు చేసి, తరువాత బోల్టులతో బిగించాలి. తప్పనిసరై జీపు మీద ఒక్క చుక్క పెట్టాల్సి వచ్చినా ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. బ్యాటరీ తీగలు తీసేయాలి. లేకపోతే ఆల్టర్నేటరు కాలిపోతుంది. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. ముఖానికి అద్దం లేకుండా, చేతికి గ్లౌజు లేకుండా ఎవరు చెప్పినా పని మొదలుపెట్టవద్దు.

వెల్డింగు మీద పెంకు కొట్టి చూడాలి. లోపల గుంటలు ఉంటే గ్రైండు చేసి మళ్లీ వేయాలి. పైన రంగు వేసి కప్పేస్తే లోపం కనిపించదు, పోదు కూడా. తరువాత రెడ్ ఆక్సైడు, ఆపైన నల్ల రంగు. గొట్టం కొసలు మూసి, అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంచాలి. ఏజెన్సీ వానకు నీరు ఎలాగో లోపలికి చేరుతుంది. బయటికి దారి లేకపోతే గొట్టం లోపలి నుంచి తుప్పు పడుతుంది.

జీపుకూ, చట్టానికీ సరిపడాలి

స్టాండు బలంగా ఉండాలని ఇనుము దండిగా వేసినా తప్పే. మా స్టాండు 18 కిలోలు, చక్రం 26. మొత్తం 44 కిలోలు వెనక ఇరుసుకు సుమారు మీటరు అవతల వేలాడుతోంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 231 సెంటీమీటర్లు. ఉయ్యాల బల్ల లెక్క వేస్తే ముందు చక్రాల మీద 19 కిలోలు తగ్గి, వెనక చక్రాల మీద 63 కిలోలు పెరుగుతుంది. ఇదే వంద కిలోలైతే ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగు తేలిపోయినట్టు ఉంటుంది. చక్రం అడుగు బంపరు కంటే కిందికి దిగకూడదు. వాగులోంచి గట్టు ఎక్కేటప్పుడు నేలకు తగులుతుంది. మరీ పైకి ఉంటే డ్రైవరుకు వెనక అద్దంలో దారి కనబడదు.

వెనక ఎర్ర దీపాలు, బ్రేకు దీపాలు, నంబరు ప్లేటు, ప్లేటు మీది తెల్ల దీపం చక్రం చాటున పడకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన రూపాన్ని అలా మార్చకూడదని చెప్పింది. కాబట్టి పని మొదలుపెట్టకముందే బొమ్మ గీసుకుని, కొలతలు రాసుకుని రవాణా శాఖ కార్యాలయంలో చూపించి అడగాలి. కాదంటే మానుకోవాలి. ఛాసిస్‌ను కోయకుండా బోల్టులతో మాత్రమే బిగిస్తే, ఎప్పుడైనా విప్పేసి జీపును మునుపటిలా ఉంచడానికి వీలుంటుంది.

బిగించాక కూడా పని ఉంది

స్టాండు బిగించి డబ్బులు తీసుకుంటే పని అయిపోలేదు. ప్రతి నట్టు మీద నుంచి పలక మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాం. నట్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పగలరు. 50 కిలోమీటర్లు తిరిగాక రమ్మని బాబాయ్‌కి చెప్పాం. వచ్చారు. నాలుగింటిలో ఒక నట్టు గీత పావు వంతు జరిగి ఉంది. పలక కింద రంగు పొర నలిగి పట్టు తగ్గిందన్నమాట. విప్పి, రంగు గీకి, మళ్లీ బిగించాం. ఆ తరువాత జరగలేదు. ఇప్పటికీ ఆయన ప్రతి సంత ముందు జీపు వెనక్కి వెళ్లి గీతలు చూసుకుని గానీ స్టీరింగు పట్టరు.

ఆ చిరిగిన పాత గేటును మేము పారేయలేదు. షెడ్డు గోడకు తగిలించాం. పనికి కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదట అదే చూపిస్తాం.

తమ్ముళ్లూ! మీలో కొందరు ఇంజనీర్లు అవుతారు, కొందరు మాలాగా షెడ్డుల్లో పని నేర్చుకుంటారు. ఏ పనైనా ఒక్కటే. పదో తరగతిలో బలభ్రామకం లెక్క మేము రెండు మార్కుల కోసం బట్టీ పట్టాం. మార్కులు వచ్చాయి. లెక్క మాత్రం ఘాట్ రోడ్డు మీద ఒక కుర్రాడు కాలువలో పడ్డాక గానీ అర్థం కాలేదు. మీరు అంతవరకు ఆగవద్దు. పుస్తకంలో ఏ లెక్క కనిపించినా, ఇది ఎవరి బరువు, దాన్ని ఎవరు మోస్తున్నారు అని అడగండి. సెలవుల్లో నర్సీపట్నం వస్తే మా షెడ్డుకు రండి. స్ప్రింగు కాటా ఉంది, స్పానరు ఉంది. 20 కిలోల బలం ఎంతో మీ చేతికే తెలుస్తుంది.